పెద్దాసుపత్రికి చేరేలోపు

కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో ఎవరికైనా జబ్బు ముదిరితే ఇంట్లో చివరగా వచ్చే మాట "ఇంక పెద్దాసుపత్రికి తీసుకుపోదాం పదండి". ఆ మాట వచ్చేసరికి మూడు నాలుగు గడపలు తొక్కడం అయిపోయి ఉంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, మండల కేంద్రంలో మెడికల్ షాపు మాత్రలు, ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక ప్రైవేటు డాక్టరు, ఆ తర్వాత కర్నూలు. కల్యాణదుర్గం, రాయదుర్గం వాళ్లు అనంతపురం పోయినా, బద్వేలు, పోరుమామిళ్ల వాళ్లు కడప పోయినా వరస ఇదే, ఊళ్ల పేర్లే మారతాయి. మామూలు జ్వరాలకైతే ఈ తిరుగుడులో రెండు రోజులు పోయినా కోలుకునే వీలుంటుంది. కొవిడ్‌లో సరిగ్గా ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తెచ్చాయి.

కరోనా కాలంలో ఆసుపత్రుల సన్నద్ధత గురించి మాట్లాడినప్పుడల్లా చర్చ పడకల చుట్టూనే తిరిగింది. సాధారణ పడకలు ఎన్ని, ఆక్సిజన్ పడకలు ఎన్ని, ఐసీయూ పడకలు ఎన్ని, వెంటిలేటర్లు ఎన్ని అని లెక్కలు వచ్చేవి. ఆ లెక్క అవసరమే. అయితే లోపలికి వెళ్లిన మనిషి నడిచి బయటికి వస్తాడా లేదా అన్నది ఆ పట్టిక చూసి చెప్పడం కుదరలేదు. పడకలు ఖాళీగా ఉన్న రోజున కూడా మనుషులు పోయారు. కిక్కిరిసిన వార్డుల్లోంచి కూడా చాలామంది కోలుకుని ఇంటికి వెళ్లారు. తేడా ఎక్కడ వచ్చిందని చూస్తే రెండు చోట్ల కనిపిస్తుంది. ఒంట్లో ఆక్సిజన్ పడిపోవడం మొదలైన దగ్గరి నుంచి ముఖానికి మాస్క్ తగిలేదాకా ఎన్ని గంటలు పట్టింది అన్నది ఒకటి. ఆ మాస్క్ తగిలాక తెల్లవార్లూ పైపులో ప్రెషర్ నిలిచిందా, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి పక్కన ఉన్నాడా అన్నది రెండోది.

ముందు దూరాల సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల జనం కలిపి దాదాపు 1 కోటి 10 లక్షలు. పాత అనంతపురం జిల్లా ఒక్కటే 19 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కొవిడ్ వచ్చేనాటికి ఇంత నేలకూ ఇంతమందికీ ఉన్న ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మూడే. కర్నూలు కాలేజీ 1956లో, అనంతపురం కాలేజీ 2000లో, కడప రిమ్స్ 2006లో మొదలయ్యాయి. పైగా కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చేది ఒక్క జిల్లా జనమే అనుకోవడానికి లేదు. నది అవతల అలంపూర్, గద్వాల నుంచీ, కర్ణాటకలో రాయచూరు వైపు నుంచీ దశాబ్దాలుగా రోగులు వస్తూనే ఉన్నారు. 2020 ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలో ఎక్కువ కేసులున్న జిల్లా కర్నూలే. అప్పటికి టెస్టింగ్ ల్యాబులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. పెద్ద వైద్య కేంద్రాల్లో ముందుగా దెబ్బ తగిలిన చోటు ఇది, నేర్చుకోవడానికి అందరికన్నా ముందు అవకాశం దొరికిన చోటూ ఇదే.

కొవిడ్ నడక తీరు తెలిస్తే గంటల విలువ అర్థమవుతుంది. చాలామందికి మొదటి అయిదారు రోజులు మామూలు జ్వరం, ఒళ్లు నొప్పులు, దగ్గు. ఎక్కువమందికి అంతటితో తగ్గిపోయేది. కొందరికి మాత్రం వారం తిరిగాక, ఏడో రోజుకూ పదో రోజుకూ మధ్య, ఊపిరితిత్తుల్లో వాపు మొదలయ్యేది. దీంట్లో మోసం ఏమిటంటే, అప్పటికి జ్వరం తగ్గుముఖం పట్టి ఉండొచ్చు. మనిషి కూర్చుని మాట్లాడుతూ, టీ తాగుతూ ఉంటాడు. రక్తంలో ఆక్సిజన్ మాత్రం 85కి పడిపోయి ఉంటుంది. నిమోనియా అంటే ఎగశ్వాస రావాలి, పక్కలెగరాలి అని తరాలుగా మన ఇళ్లలో తెలిసిన గుర్తు. ఆ గుర్తు ఇక్కడ ఆలస్యంగా కనిపించింది. ఆయాసం వచ్చాక బయల్దేరుదాం అనుకున్న ఇంటివాళ్లను తప్పుపట్టడానికి లేదు, వాళ్లకు తెలిసిన లోకజ్ఞానం ప్రకారం వాళ్లు సరిగ్గానే చేశారు.

అందుకే వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ ఆ రెండేళ్లలో వెంటిలేటర్ కన్నా ఎక్కువమందిని కాపాడగలిగిన వస్తువు. వెయ్యో రెండు వేలో పెడితే దొరికే ఆ చిన్న క్లిప్పు ఇంటికి ఒకటి అక్కర్లేదు, వీధికి ఒకటి ఉన్నా చాలు. అయితే దాన్ని వాడటంలోనూ ఒక పద్ధతి ఉంది. వేళ్లు చల్లబడి ఉంటే రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరచుకోవాలి. గోళ్లరంగు ఉంటే తుడిచేయాలి. చెయ్యి కదపకుండా ఒళ్లో పెట్టుకుని, అంకె అటూ ఇటూ గెంతడం ఆగేదాకా అరనిమిషమో నిమిషమో చూడాలి. ఆపైన అసలు పరీక్ష: అరుగు మీద నుంచి లేచి ఆరు నిమిషాలు నడిచి మళ్లీ చూసుకోవడం. కూర్చున్నప్పుడు 96 ఉండి, నడిచాక 92కి జారిందంటే ఊపిరితిత్తులు అప్పటికే పట్టు తప్పుతున్నట్టు. ఆ మనిషి అదే పూట బండెక్కాలి, రేపటిదాకా ఆగకూడదు. ఇంటింటి జ్వరాల సర్వేలో ఆశా కార్యకర్త గడప దగ్గర నిలబడి "జ్వరం ఉందా అమ్మా" అని అడిగి రాసుకుపోవడానికీ, వేలికి క్లిప్పు పెట్టి ఆరు నిమిషాలు నడిపించి చూడటానికీ మధ్య ఉన్న తేడా ఒక నిండు ప్రాణం.

ఈ పరికరానికి ఇంకో లోపం ఉందని 2020 డిసెంబరులో అమెరికా నుంచి వచ్చిన ఒక పరిశోధన చూపించింది. నల్లజాతి రోగుల్లో, తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు, రక్తంలో ఆక్సిజన్ నిజంగా పడిపోయినా మీటరు బాగానే ఉన్నట్టు చూపిందని తేలింది. వేలిలోంచి వెలుతురును పంపి కొలిచే పరికరం కాబట్టి చర్మం రంగు లెక్కను కొంత మారుస్తుంది. ఎండల్లో పొలం పని చేసి చామనఛాయ నుంచి నలుపుకు తిరిగిన చేతులున్న నేల మనది. ఇంతకన్నా తగ్గితే ప్రమాదం అని పెట్టుకున్న 94 అన్న గీతను ఇక్కడ బండరాయి మీద చెక్కిన గీతలా చూడకూడదు. 95 చూపిస్తున్నా మనిషి వాడిపోయి, రెండడుగులకే కూలబడుతుంటే అంకెను పక్కన పెట్టి మనిషిని నమ్మాలి.

మందుల విషయంలోనూ ఇదే గంటల లెక్క నడిచింది. 2020 జూన్ 16న బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితం ఒకటి బయటికి వచ్చింది. డెక్సామెథసోన్ అనే పాత, చౌక స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజులదాకా ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం మేలేమీ కనిపించలేదు. ఈ చివరి వాక్యమే పల్లెల దాకా చేరలేదు. డెక్సా పేరు చేరింది, ఎప్పుడు ఇవ్వాలన్నది చేరలేదు. జ్వరం వచ్చిన రెండో రోజే స్టెరాయిడ్ సూది పడింది చాలామందికి. వైరస్ ఇంకా పెరుగుతున్న రోజుల్లో అది ఒంటి రక్షణను తగ్గిస్తుంది. జ్వరాన్ని అణచిపెట్టి అంతా బాగుందన్న భ్రమ కలిగిస్తుంది. షుగర్‌ను ఆకాశానికి ఎక్కిస్తుంది. తమకు షుగర్ ఉందని తెలియనివాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. 2021 మేలో బ్లాక్ ఫంగస్ విరుచుకుపడటానికి దారితీసిన కారణాల్లో అదుపు తప్పిన షుగర్, అడ్డూ ఆపూ లేని స్టెరాయిడ్ ముఖ్యమైనవి. ఆ జబ్బును రాష్ట్రం ఆరోగ్యశ్రీలో చేర్చింది, కేంద్రం ప్రతి కేసునూ తప్పక తెలపాలని రాష్ట్రాలకు చెప్పింది. కన్ను తీసేయాల్సి వచ్చినవాళ్లకూ, దవడ పోగొట్టుకున్నవాళ్లకూ అసలు అవసరమైంది స్టెరాయిడ్ మొదలుపెట్టిన రోజు నుంచీ వేలి మీద గుచ్చి షుగర్ చూసే ఒక చిన్న పట్టీ.

ఇటు అసలు పనిచేసే చౌక మందు పక్కదారి పడితే, అటు పనిచేస్తుందని తేలని ఖరీదైన మందు కోసం కుటుంబాలు ఊళ్లు తిరిగాయి. రెమ్‌డెసివిర్ మరణాలను తగ్గించినట్టు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే చెప్పింది. అయినా 2021 ఏప్రిల్‌లో ఆ చీటీ పట్టుకుని కొడుకులు కర్నూలు నుంచి హైదరాబాద్‌కు, అనంతపురం నుంచి బెంగళూరుకు బైకుల మీద పోయారు. ప్లాస్మా సంగతీ అంతే, దేశంలోనే జరిగిన ట్రయల్‌లో ఉపయోగం తేలకపోయినా దాన్ని జాతీయ మార్గదర్శకాల నుంచి తీసేసింది 2021 మే 17న. ఈలోపు ఇళ్లలో బంగారం తాకట్టుకు పోయింది. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. రోగి పక్కన కూర్చుని బోర్లా పడుకోబెట్టి, నీళ్లు తాపి, మాస్క్ జారితే సరిచేయాల్సిన మనిషి ఆ రెండు రోజులూ రోడ్ల మీద ఉన్నాడు. బోర్లా పడుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. ఊపిరితిత్తుల వెనుక భాగం తెరుచుకుని ఆక్సిజన్ నాలుగైదు అంకెలు పెరగడం వార్డుల్లో కళ్లారా చూసినవాళ్లు ఎందరో ఉన్నారు.

రిపోర్టు కోసం ఆగడం ఇంకో ఆలస్యం. సెకండ్ వేవ్‌లో ఆర్టీపీసీఆర్ ఫలితానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పట్టేది. పాజిటివ్ కాగితం లేకపోతే కొవిడ్ వార్డులోకి రానివ్వరు. దగ్గు, ఆయాసం ఉన్నాయి కాబట్టి మామూలు వార్డులోకీ రానివ్వరు. మధ్యలో ఆటోలో కూర్చున్న మనిషికి రాత్రి గడిచిపోయేది. పాజిటివ్ రిపోర్టు తప్పనిసరి కాదని, అనుమానం ఉంటే చేర్చుకోవాల్సిందేనని కేంద్రం స్పష్టంగా చెప్పింది 2021 మే 8న. రాష్ట్రంలో కేసులు శిఖరానికి చేరింది ఆ తర్వాత వారానికే. మే 16న ఒక్కరోజే 24 వేలకు పైగా నమోదయ్యాయి. ఒక్క కాగితపు నిబంధనను నెల ముందు సవరించి ఉంటే ఎందరికి ఒక రాత్రి కలిసొచ్చేదో.

రాష్ట్రాల సరిహద్దు కూడా ఆ నెలలో అడ్డం పడింది. కర్నూలు నుంచి హైదరాబాద్ 210 కిలోమీటర్లు, బండి కదిలితే నాలుగు గంటలు. 2021 మేలో తెలంగాణ పోలీసులు పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను ఆపారు. హైదరాబాద్‌లో ఫలానా ఆసుపత్రిలో పడక ఉందన్న అనుమతి చూపితేనే వదిలేవారు. తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుని ఆ ఉత్తర్వును నిలిపివేసింది. అంబులెన్సు లోపల సిలిండర్ ముల్లు కిందికి దిగుతూ ఉంటుంది, బయట ఎండలో కొడుకు ఫోనులో బతిమాలుతూ ఉంటాడు. నది అవతలి వాళ్లకు కర్నూలు ఏనాడూ చీటీ అడగలేదు. ఆ నెల చేదు ఇక్కడి వాళ్ల మనసుల్లో అలాగే ఉండిపోయింది.

ఇక ఆసుపత్రి లోపలికి వద్దాం. 2021లో ప్రతి నోటా నానిన మాట ఆక్సిజన్. దాని లెక్క కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే సన్నద్ధత అసలు రూపం అందులోనే తెలుస్తుంది.

వార్డు మూలన గొలుసుతో కట్టి ఉండే పెద్ద సిలిండర్, మనిషి భుజం దాకా వచ్చేది, డి టైపు అంటారు. అందులో దాదాపు 7,000 లీటర్ల ఆక్సిజన్ పడుతుంది. సంచి ఉన్న మాస్క్ మీద నిమిషానికి 15 లీటర్లు పీల్చే రోగికి అది ఎనిమిది గంటలు కూడా రాదు. ముక్కులోకి వేగంగా గాలి కొట్టే హై ఫ్లో యంత్రం మీద నిమిషానికి 60 లీటర్లు పోతుంటే రెండు గంటల్లోపే ఖాళీ. రెండు గంటలకోసారి స్పానర్ పట్టుకుని మార్చే మనిషి కావాలి. ఒక రోగికి కుదురుతుంది, ఇరవైమందికి కుదరదు. అందుకే పెద్ద ఆసుపత్రులకు ఆవరణలో ద్రవ ఆక్సిజన్ ట్యాంకు ఉంటుంది. మైనస్ 183 డిగ్రీల చలిలో ద్రవంగా ఉండే ఈ ఆక్సిజన్ ఒక లీటరు ఆవిరైతే సుమారు 860 లీటర్ల గాలి అవుతుంది. 10 కిలోలీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే 86 లక్షల లీటర్లు. వినడానికి పెద్ద అంకె. 500 మంది ఒక్కొక్కరు నిమిషానికి 10 లీటర్ల చొప్పున తీసుకుంటే రోజుకు 72 లక్షల లీటర్లు. అంటే నిండు ట్యాంకు 29 గంటలకు సరి. మధ్యలో ఓ నలభై మందిని నిమిషానికి 50 లీటర్ల హై ఫ్లో మీదకు మార్చారనుకోండి, అదే ట్యాంకు 22 గంటలు దాటదు. వార్డులో డాక్టరు మంచి ఉద్దేశంతో తిప్పిన మీట ట్యాంకరు డ్రైవరుకు ఉన్న గడువును దాదాపు నాలుగో వంతు కోసేస్తుంది. ఈ రెండు చివర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే ఏమవుతుందో ఆ వేసవిలో చూశాం.

ట్యాంకరు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంకో కథ. రాష్ట్రంలో ద్రవ ఆక్సిజన్ తయారుచేసే పెద్ద ప్లాంట్లు రాయలసీమ పెద్దాసుపత్రులకు చేతికందేంత దగ్గర్లో లేవు. విశాఖ ఉక్కు నుంచి కర్నూలుకు దాదాపు 700 కిలోమీటర్లు. నిండు ట్యాంకరును బస్సులా తోలకూడదు. బళ్లారి దగ్గర తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ, తమిళనాడులో శ్రీపెరుంబుదూరు దగ్గరే. కానీ ఏ ప్లాంటు నుంచి ఏ రాష్ట్రానికి ఎన్ని టన్నులన్నది ఆ నెలల్లో కేంద్రం కేటాయింపుల ప్రకారం నడిచింది. అక్కడి రాష్ట్రాలకూ అదే కొరత. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకరు ఆలస్యమై ప్రెషర్ పడిపోయింది. అధికారుల లెక్క ప్రకారమే 11 మంది పోయారు. సరఫరా ఆగింది కొన్ని నిమిషాలే. ఆ నిమిషాలకు వెనక ఉండాల్సిన సిలిండర్ల వరస, దాన్ని ఏ ఒత్తిడి దగ్గర తెరవాలో తెలిసిన మనిషి, ట్యాంకు సగానికి దిగగానే మోగాల్సిన గంట, ఇవే సన్నద్ధత.

ట్యాంకులో ద్రవం ఉన్నా పడక దగ్గర గాలి లేకపోవడం కూడా జరుగుతుంది. ఇది చాలామందికి తెలియని సంగతి. ద్రవాన్ని గాలిగా మార్చేది ట్యాంకు పక్కన నిలువుగా ఉండే అల్యూమినియం రెక్కల వేపరైజర్. చుట్టూ ఉన్న గాలి వేడిని అది పీల్చుకుంటుంది. దాని శక్తికి మించి ఆక్సిజన్ లాగితే రెక్కల మీద మంచు పేరుకుపోతుంది. మండు వేసవిలో కూడా తెల్లగా, మందంగా. అప్పుడు గాలిగా మారడం మందగించి పైపులో ఒత్తిడి పడుతుంది. పైపులో మామూలుగా 4 బార్ల దగ్గర ఉండాల్సిన ముల్లు కిందికి జారితే ముందుగా దెబ్బతినేది పైపుల్లోకి ఆక్సిజన్ వదిలే మానిఫోల్డ్ గదికి దూరంగా, మూడో అంతస్తులో, వరండా చివర ఉన్న పడక. నూరు పడకల కోసం వేసిన పైపుకు మూడు వందల పడకలు తగిలిస్తే ఇదే జరుగుతుంది. అక్కడి రోగి మూతికి మాస్క్ ఉంటుంది, నిమిషానికి ఎన్ని లీటర్లు పోతున్నాయో చూపే ఫ్లోమీటరులో గోళీ పది దగ్గర తేలాల్సింది ఆరు దగ్గర వణుకుతూ ఉంటుంది. రాత్రి రెండున్నరకు ఆ గోళీని ఎవరు చూస్తారు? కేస్ షీటులో "ఆక్సిజన్ 10 లీటర్లు" అనే రాసి ఉంటుంది.

పొదుపు కూడా వైద్యంలో భాగమే. చాలామంది రోగులకు సాచురేషన్, అంటే ఆక్సీమీటర్ చూపే అంకె, 92 నుంచి 96 మధ్య నిలిస్తే చాలు. 99 చూసి ఇంటివాళ్లు సంతోషపడతారు, కానీ ఆ చివరి మూడు అంకెల కోసం పోయే ఆక్సిజన్ పక్క పడకకు పనికొచ్చేది. అన్నం తినేటప్పుడు మాస్క్ తీసి మంచం మీద పెడితే గాలి వృథాగా పోతూనే ఉంటుంది. షిఫ్టుకు ఒకరు ఫ్లోమీటర్లు చూసుకుంటూ, లీకులు కడుతూ, తగ్గించగలిగినచోట తగ్గిస్తూ తిరిగితే మిగిలేది తక్కువేమీ ఉండదు. మహారాష్ట్రలో గిరిజనులు ఎక్కువగా ఉండే నందుర్‌బార్ జిల్లా 2020 సెప్టెంబరులోనే, మొదటి వేవ్ తగ్గుతున్న రోజుల్లోనే, గాలి నుంచి ఆక్సిజన్ తీసే ప్లాంటు పెట్టుకుంది, 2021 మొదటి నెలల్లో ఇంకా పెంచుకుంది. వెనకబడిన జిల్లా అయినంత మాత్రాన వెనకబడిపోవాలని లేదని తేల్చిన ఉదాహరణ అది.

మన దగ్గర ఆ దిశలో జరిగిన మంచి ఆలోచన తాడిపత్రిది. అక్కడి ఆర్జాస్ స్టీల్ ఫ్యాక్టరీలో తయారయ్యే ఆక్సిజన్ వాయువు రూపంలో ఉంటుంది. దాన్ని ట్యాంకర్లకు ఎత్తడం కుదరదు. అందుకని ఆక్సిజన్‌ను ఆసుపత్రికి మోయకుండా ఆసుపత్రినే ఫ్యాక్టరీ పక్కకు తెచ్చారు. పెద్ద టెంట్ల కింద 500 పడకలు, ఫ్యాక్టరీ నుంచి నేరుగా పైపు. రోజుల వ్యవధిలో కట్టి 2021 జూన్ మొదటి వారంలో తెరిచారు. అప్పటికి అల తగ్గుముఖం పట్టింది. ఇంజినీర్లు, కూలీలు ఎండలో పడిన కష్టం అబద్ధం కాదు. అదే బుర్ర 2020 నవంబరులో, కేసులు పల్చబడి ఊపిరి పీల్చుకున్న రోజుల్లో, పనిచేసి ఉంటే ఏప్రిల్ చివరి వారంలో అనంతపురం వార్డుల ముందు నేల మీద పడుకున్నవాళ్లకు అది అందేది. ఆ జిల్లాకే ఉన్న మరో బలం బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి. పల్లెల మధ్య ఉన్న ఆ ఆసుపత్రి కొవిడ్ ఆసుపత్రిగా మారడంతో కదిరి, ధర్మవరం వైపు వాళ్లకు దారి తగ్గింది. దూరం తగ్గిందంటే గంటలు తగ్గినట్టే.

పడక, ఆక్సిజన్ ఉన్నాక మూడోది మనిషి. అమెరికాలో 558 ఆసుపత్రుల 2020 రికార్డులు చూసిన ఒక పరిశోధనలో తేలింది ఏమిటంటే, కొవిడ్ మరణాల్లో దాదాపు నాలుగో వంతు ఆసుపత్రి మీద పడిన రద్దీకే ముడిపడి ఉన్నాయి. అదే జబ్బు, అవే మందులు. జనం తక్కువ ఉన్న నెలలో వచ్చిన రోగి బతికే అవకాశం ఎక్కువ, కిక్కిరిసిన నెలలో వచ్చినవాడికి తక్కువ. డబ్బూ యంత్రాలూ ఉన్న దేశంలోనే ఇలా ఉంటే, మామూలు రోజుల్లోనే ఒక సిస్టర్ యాభై మందిని చూసుకునే వార్డుల సంగతి చెప్పనక్కర్లేదు. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక నర్సు ఉండాలన్నది నియమం. పీపీఈ కిట్టు తొడుక్కుంటే ఆరు గంటలు నీళ్లు లేవు, బాత్రూం లేదు, కళ్లద్దాల మీద ఆవిరి. ఆ ఆవిరిలోంచి మానిటర్ అంకె చదవాలి. వెంటిలేటర్లను వారంలో తెప్పించొచ్చు. దాన్ని నడపగలిగిన మత్తు డాక్టరు, రాత్రి అలారం మోగితే గొట్టంలో కఫం లాగాలా ప్రెషర్ మార్చాలా అని తేల్చగలిగిన నర్సు తయారవడానికి ఏళ్లు పడుతుంది. యంత్రాలు వచ్చి అట్టపెట్టెల్లోనే ఉండిపోవడానికి కారణం చాలాచోట్ల ఇదే. అప్పటికప్పుడు కాంట్రాక్టు మీద తీసుకున్న పిల్లలు ప్రాణాలకు తెగించి పనిచేశారు. వేవ్ తగ్గగానే వాళ్లలో చాలామంది ఇంటికి పోవాల్సి వచ్చింది, వాళ్లతోపాటు నేర్చుకున్న పనీ పోయింది.

మరణాల శాతం చూసి ఆసుపత్రికి మార్కులు వేసే అలవాటు గురించి ఒక మాట. పెద్దాసుపత్రిలో ఎక్కువమంది పోతారు, అక్కడికి పోతే తిరిగిరారు అన్న భయం ఆ రోజుల్లో ఊళ్లలో బలంగా పాకింది. అంకెలు పైపైన చూస్తే భయం నిజమనిపిస్తుంది. అయితే చేయి దాటిపోయాక ప్రైవేటు ఆసుపత్రి నుంచి "ఇంక కర్నూలు తీసుకుపోండి" అని పంపినవాళ్లు చివరికి చేరేది అక్కడికే. సాచురేషన్ 60తో క్యాజువాలిటీ మెట్ల మీదకు వచ్చిన మనిషి గంటలో పోతే ఆ చావు ఏ ఖాతాలో పడాలి? న్యాయంగా చూడాలంటే, చేరిన 24 గంటల్లోపు పోయినవాళ్లను విడిగా లెక్కించాలి. చేరినప్పుడు ఎంత సాచురేషన్ ఉందో, జ్వరం మొదలైన ఎన్నో రోజున వచ్చారో, ఎక్కడెక్కడ తిరిగి వచ్చారో రాసిపెట్టాలి. తొలి 24 గంటల మరణాలు ఎక్కువుంటే లోపం ఊళ్లలో, దారిలో ఉన్నట్టు. అయిదో రోజు తర్వాతి మరణాలు ఎక్కువుంటే వార్డులో, నర్సుల సంఖ్యలో, ఇన్ఫెక్షన్లలో ఉన్నట్టు. ఒక్క శాతం అంకెలో ఈ రెండూ కలిసిపోతాయి, ఎక్కడ బాగుచేయాలో తెలియకుండా పోతుంది. పైగా ఆసుపత్రి గడప తొక్కకుండా ఇంట్లోనే పోయినవాళ్లు ఏ లెక్కలోకీ రారు. దేశం మొత్తం మీద 2020, 2021 సంవత్సరాల్లో అధికారిక సంఖ్య 5 లక్షల లోపు ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 47 లక్షలు. కేంద్రం ఆ అంచనాను ఒప్పుకోలేదు. అంచనా అంత దూరం పోకపోయినా, శ్మశానాల్లో వరసలు చూసినవాళ్లకు బులెటిన్ అంకె సరిపోదని తెలుసు.

కొవిడ్ రాని రోగులూ నష్టపోయారు. ఆసుపత్రి మొత్తాన్ని ఒక జబ్బుకే అప్పగిస్తే డయాలసిస్‌కు వచ్చేవాడు, నెలలు నిండిన గర్భిణి, టీబీ మందు మధ్యలో ఉన్న కూలి ఎటు పోవాలి? దేశంలో 2019లో 24 లక్షల టీబీ కేసులు గుర్తిస్తే 2020లో 18 లక్షలే గుర్తించారు. మిగతా 6 లక్షల మందికి జబ్బు తగ్గిపోలేదు. ముంబైకో బెంగళూరుకో గుంటూరు మిరప కోతలకో వలసపోయి దగ్గుతో తిరిగొచ్చే ఆదోని, కోసిగి, హొళగుంద పల్లెల్లో ఆ తప్పిపోయిన కేసుల బరువు ఎక్కువగా పడుతుంది.

ఆ తర్వాత మారినవీ ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య వచ్చాయి. నంద్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో మొదలైంది. ఆసుపత్రుల్లో గాలి నుంచి ఆక్సిజన్ తీసే పీఎస్‌ఏ ప్లాంట్లు వచ్చాయి. నిమిషానికి 1,000 లీటర్ల ప్లాంటు వంద మందికి పది లీటర్ల చొప్పున ఇస్తుంది, ట్యాంకరు కోసం ఎదురుచూడనక్కర్లేదు. దీంట్లో ఉన్న చిక్కల్లా నిర్వహణ. లోపల ఉండే జియోలైట్ గుళికలు తేమ తగిలితే పాడవుతాయి. దుమ్ముకు ఫిల్టర్లు మూసుకుపోతాయి. ఎండ పెరిగేకొద్దీ దిగుబడి తగ్గుతుంది. కరెంటు పోతే కంప్రెసర్ ఆగుతుంది, జనరేటర్ దాని భారం మోయగలిగి ఉండాలి. రాయలసీమలో దుమ్ము, ఎండ, కరెంటు కోత అన్నీ ఏప్రిల్, మేలోనే కలిసివస్తాయి. సెకండ్ వేవ్ వచ్చిందీ ఆ నెలల్లోనే.

2022 డిసెంబరు 27న, మళ్లీ 2023 ఏప్రిల్‌లో దేశమంతా మాక్ డ్రిల్లులు జరిగాయి. అధికారులు వచ్చి, ప్లాంటు స్విచ్ వేసి, చప్పుడు విని, పడకలు లెక్కపెట్టి, ఫొటో దిగి వెళ్లే డ్రిల్లుతో తెలిసేది తక్కువ. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో ప్లాంటును నాలుగు గంటలు ఆపకుండా నడిపించాలి. మధ్యలో మెయిన్ కరెంటు తీసేసి జనరేటర్ ఎన్ని సెకన్లకు అందుకుందో చూడాలి. వార్డులో ఉన్న ఫ్లోమీటర్లన్నీ ఒకేసారి పదికి తిప్పి, మూడో అంతస్తు వరండా చివర పడక దగ్గర నిలబడి గోళీ ఎక్కడ తేలుతుందో చూడాలి, గాలిలో ఆక్సిజన్ శాతం కొలవాలి. అదే సమయంలో కోసిగిలో ఒక ఆశా కార్యకర్త చేత 108కు ఫోన్ చేయించి, ఆ బండి కర్నూలు క్యాజువాలిటీ ముందు ఆగేదాకా ఎన్ని గంటలు పట్టిందో గడియారం పెట్టి రాసుకోవాలి.